పగబట్టి మానిన చుట్ట

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి రైలు స్టేషను దాకా బండి తోలే రాజలింగు నోట్లో చుట్ట లేకుండా కనబడ్డాడంటే, ఆరోజు అతనికి జ్వరమైనా వచ్చి ఉండాలి, భార్య భూదవ్వతో కొట్లాటైనా అయి ఉండాలి. ఎడ్లకు నీళ్లు తాపేటప్పుడు ఒక చుట్ట, బస్తాలు దించాక ఒక చుట్ట, ఆ చుట్ట ఆరిపోయిందన్న దిగులుతో ఇంకో చుట్ట. అటువంటి మనిషి చుట్ట మానేశాడు. ఒంటి బాగు కోసం కాదు, భూదవ్వ పోరు పడలేక కాదు, ఏ దేవుడికో మొక్కుకుని అంతకన్నా కాదు. గంగారాం మీద పగతో మానేశాడు.

గంగారాం వాళ్ల కులపెద్ద. నిజాంసాగర్ కట్ట పూర్తయిన కొత్తలో సాయిలు అనే రైతు గడ్డివాము కాలి బూడిదైంది. ఆ వాము నీడన కూర్చుని చుట్ట తాగి, కొసను అక్కడే పారేసి లేచిపోయింది గంగారామే. బండి మీద వస్తూ రాజలింగు కళ్లారా చూశాడు. చూసి ఏం లాభం? పంచాయితీలో తీర్పు చెప్పేది కూడా గంగారామే.

“ఊర్లె అందరికంటె ఎక్కువ చుట్టలు తాగేది రాజలింగు. వాని బండి గా తొవ్వలనే వోయింది. ఇంకెవడు వెడ్తడు నిప్పు?” అన్నాడు గంగారాం.

“నేను వెట్టలే. ఆడ కూసున్నది నువ్వు. నేను జూసిన,” అన్నాడు రాజలింగు.

పెద్దమనిషిని పట్టుకుని అంత మాటంటాడా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. అక్కడికక్కడే రాజలింగుకు నిప్పు బందైంది. అంటే, కులంలో ఎవరూ అతని పొయ్యికి నిప్పు ఇవ్వకూడదు, చుట్ట ముట్టించుకోవడానికి కొరివి అందించకూడదు, పక్కన కూర్చుని పొగ తాగకూడదు. తప్పు ఒప్పుకున్న రోజున అందరిముందూ కులపెద్ద తాగుతున్న చుట్ట అందుకుని ఒక్క దమ్ము లాగాలి. అప్పుడు మళ్లీ కులంలో కలిసినట్టు.

“పొగ లేకుంట వాడేడ బతుకుతడు? నాలుగు రోజులల్ల నా గడపకొచ్చి మొక్కుతడు,” అని గంగారాం నవ్వాడు.

మొక్కడమా? రాజలింగు కామారెడ్డిలో అగ్గిపెట్టె కొనుక్కుని బండి చాటున తాగి చూశాడు. తోడులేని చుట్టకు రుచి లేదు. పైగా దారిలో ఎదురైన వాళ్లు, ఇంకా ఎన్నాళ్లు దొంగలా తాగుతావని ఎకసెక్కాలాడారు. అప్పుడు తెలిసొచ్చింది అతనికి. గంగారాం తనను పట్టుకున్నది చుట్టతోనే. చుట్టే లేకపోతే ఇక దేన్ని పట్టుకుంటాడు?

మానడం అంటే మాటలా! భూదవ్వ ఉసిరి ముక్కలకు ఉప్పు పట్టించి ఎండబెట్టి ఇచ్చింది, ఓమ వేయించి కొంగున కట్టుకొచ్చింది. కామారెడ్డి హకీము లవంగాలు, అతిమధురం వేరు ఇచ్చి దవడన పెట్టుకోమన్నాడు. బీబీపేటలో ఒక ముసలాయన, చుట్టను పాలలో నానబెట్టి ఆరబెట్టి తాగితే వాంతై, జన్మలో దాని జోలికి పోవని చెప్పాడు. వాంతైన మాట నిజమే. అసహ్యం పుట్టింది మాత్రం పాల మీద.

పనిచేసిన మందు ఒక్కటే. చుట్ట కోసం నాలుక పీకినప్పుడల్లా రాజలింగు గంగారాం ఇంటి ముందుకు పోయి నిలబడేవాడు. అరుగు మీద కాళ్లు చాపుకుని గంగారాం పొగ వదులుతుంటే కన్నార్పకుండా చూసేవాడు. కడుపులో మంట లేచేది. ఆ మంటకు చుట్ట మీది యావ కాస్తా మాడిపోయేది. గడపకు వచ్చాడని గంగారాం మొదట మురిశాడు. తర్వాత్తర్వాత ఆ చూపు పడలేక లోపలికి పోయి తాగడం మొదలుపెట్టాడు.

రాజలింగు తల్లి సాలవ్వ చనిపోయినప్పుడు పాడె మోయడానికి కులంలో ఒక్కడు రాలేదు. ఆమెను బండిలో పడుకోబెట్టి అతనే కాటికి తోలుకుపోయాడు. తిరిగొస్తుంటే ప్రాణమంతా చుట్టే అడిగింది. పళ్లు కొరుక్కుని గంగారాం వీధిలోంచి బండి తిప్పుకుని ఇల్లు చేరాడు. ఆరోజుతో పగ ఎముకలకు పట్టింది.

పెద్ద యుద్ధం వచ్చి కిరసనాయిలుకు కటకటగా ఉన్న రోజుల్లో గంగారాం కొట్టమే తగలబడింది. అలవాటు కొద్దీ ఎవరో రాజలింగు పేరెత్తారు. సాయిలుకు ఒళ్లు మండింది.

“వాడు చుట్ట ముట్టక ఎన్నేండ్లాయె! ఈ కొట్టంల కూసోని తాగేది నువ్వొక్కనివే, గంగారామన్నా. గప్పుడు నా వాము గూడ నువ్వే కాలవెట్టినవ్,” అన్నాడు.

గంగారాం తల దించుకున్నాడు. కులమంతా కూడి, రాజలింగుకు బందు ఎత్తేసి, గంగారాం చేతుల మీదుగానే అతనికి చుట్ట ఇప్పించబోయింది. రాజలింగు అందుకోలేదు.

“నేను తాగ. నాకు నిప్పు బందు వెట్టినవు గద, నువ్వు చుట్ట బందు వెట్టు. నువ్వు మానినంకనే నేను కులంల కలుస్త.”

తప్పు కడుక్కోవాలి కాబట్టి కులం సరేనంది. గంగారాం ఒప్పుకోక తప్పలేదు. వారం తిరిగేసరికి మనిషి సగమయ్యాడు. నిద్ర లేదు, ఇంట్లో అందరి మీదా కసురు. రాజలింగు మటుకు రోజూ ఆ అరుగు ముందునుంచే ఎడ్లను తోలుకుపోతూ కళ్లనిండా చూసుకున్నాడు. అంత సుఖం పెళ్లినాడు కూడా ఎరగడు.

ఒక మధ్యాహ్నం గంగారామే వచ్చి వాకిట్లో కూలబడ్డాడు.

“తమ్మీ, నువ్వేం నమిలినవో జెప్పు. నాతోని అయితలేదు. నీ తల్లి సావుకు గూడ నిన్ను ఒంటిగ జేసిన. తప్పు నాదే, మాఫ్ చెయ్,” అని వెక్కివెక్కి ఏడ్చాడు.

ముసలివాడి ఏడుపు చూడలేక రాజలింగు లోపలికి పోయాడు. ఉసిరి ముక్కలు దోసెడు తెచ్చి అతని పంచెలో పోసి, “మాఫ్ చేసిన, పో అన్నా,” అన్నాడు.

గంగారాం దండం పెట్టి వెళ్లిపోయాడు. రాజలింగుకు ఒళ్లు తేలికైంది. ఇన్నేళ్ల బరువు దిగిందనుకుంటూ గోడకు చేరగిలబడ్డాడు. అంతలోనే నాలుక పీకింది. ఉసిరి నమిలాడు. ఓమ నమిలాడు. లవంగం కొరికాడు. కడుపులో మంట కోసం వెతికితే అక్కడ ఏమీ లేదు. వేళ్లు వాటంతటవే చుట్ట పట్టుకున్నట్టు ముడుచుకుంటున్నాయి.

గబుక్కున లేచి తలకు రుమాలు చుట్టుకున్నాడు.

“బువ్వ తినకుంట ఎటు వోతున్నవయ్యా?” అంది భూదవ్వ.

“గంగారాం ఇంటికి. మాఫ్ చేసిన అని అన్న గద, అది వాపస్ తీస్కొని వస్త.”