తాళం వేసిన ఇల్లు

ఇది కల్పించి చెప్పడం లేదు. కల్పించేవాడినైతే ఇంతకంటే బాగా కల్పించేవాడిని... అదేమిటో కూడా చివర్లో తేల్చేసేవాడిని. నాకు తెలిసింది ఇంతే. నా చెవులతో విన్నది. చెవులే నా బతుకు. వాటి మీద ఒట్టేసి చెబుతున్నాను.

అప్పుడు బొమ్మసంద్రలో ఉండేవాడిని. ఫ్యాక్టరీల వెనక వీధి. మేడ మీద ఒక గది, ముందు రేకుల వరండా. పగలు ఇంటి నుంచే ఒక కంపెనీకి పని. సాయంత్రం నుంచి సంగీతం. బ్యాండు లేదు, పాడేవాళ్ళు లేరు. నేనొక్కడినే. ఒక ల్యాప్‌టాప్, రెండు చిన్న మెషీన్లు, ఒక జత స్పీకర్లు. చేసేది టెక్నో, మెషీన్లతో పుట్టించే దరువుల సంగీతం. అప్పట్లో నా ట్రాకుల్లో లేనిదంటూ లేదు. వాన చప్పుడు, రైలు కూత, ఎవరివో గొంతులు, వాటి మీద ఇంకో గొంతు... ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే చాలు, భయం వేసినట్టు నింపేసేవాడిని.

కింద ఇంటివాళ్ళు. మునిరత్నం గారు, ఆయన భార్య సరోజమ్మ. పిల్లల్లేరు. తాతల నాటి నుంచి అక్కడే ఉంటున్న తెలుగువాళ్ళు. ఆయన పక్క వీధి ఫ్యాక్టరీలో ప్రెస్ మెషీన్ మీద పనిచేసి రిటైరయ్యారు. ఇనుప రేకుని ఒక్క దెబ్బతో మూతలుగా కోసే మెషీన్ అది. నేను అద్దెకు దిగేనాటికే ఆయనకు పక్షవాతం. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. ఎడమ చెయ్యి మాత్రం ఆడేది.

ఒకరోజు సరోజమ్మ మెట్లెక్కి పైకి వచ్చింది. గొడవ పెట్టడానికే అనుకున్నాను.

“ఏమప్పా, ఈ సద్దు నీదేనా?”

“సారీ ఆంటీ, తగ్గిస్తాను.”

“తగ్గించమని కాదప్పా. నడమ నడమ అన్నీ నిలిచిపోయి ఒట్టి దబ్ దబ్ అని వస్తుంది చూడు... అప్పుడు మా ఆయన చెయ్యి ఆడిస్తా ఉండాడు. మళ్ళీ నీ గలాటా మొదలైతే నిలిపేస్తాడు. కిందికొచ్చి చూడు.”

కిక్... అంటే ఆ దబ్ దబ్ డ్రమ్ము... ఒక్కటి ఉంచి, మిగతావన్నీ ఆపి, ఆమె వెంట దిగాను. ఇనుప మంచం. ఆయన ఎడమ చేతి వేలికి రాగి ఉంగరం. పైనుంచి నా కిక్ పడుతోంది... దబ్. ఉంగరం మంచం పట్టీకి తగిలింది... టిక్. దబ్ మీద కాదు. దబ్‌కీ దబ్‌కీ మధ్య. సరిగ్గా సగంలో కూడా కాదు... సగం దాటాక, కొంచెం ఆలస్యంగా. ప్రతిసారీ అదే ఆలస్యం. వెంట్రుకంత తేడా లేదు.

“మెషీను దగ్గర ఇట్లే కదా. దెబ్బ పడినాక రేకు ముందుకు జరిపేది. బతుకంతా అదే చేసినాడు” అంది సరోజమ్మ.

ఆయన కళ్ళు నా వైపు తిప్పారు. ఆ నోరు ఒక పక్కకే నవ్వింది.

ఆ రోజు నుంచి తీసేయడం మొదలుపెట్టాను. ముందు గొంతులు తీసేశాను. తర్వాత రైలు కూత. తర్వాత నాకు ప్రాణమైన ట్యూన్లు. ఒక్కొక్కటి తీసేకొద్దీ కింద నుంచి ఆ టిక్ ఇంకా స్పష్టంగా వినిపించేది. చివరికి మిగిలింది ఒక కిక్, ఇసుక రాలినట్టు ఒక సన్నని చప్పుడు... మిగతా అంతా ఖాళీ. ఆ ఖాళీ ఆయనది.

నా స్నేహితుడు ప్రేమ్ సర్జాపురలో ఉంటాడు, క్లబ్బుల్లో ప్రోగ్రాములు పెట్టిస్తుంటాడు. కొత్త ట్రాకు విని ఫోన్ చేశాడు.

“ఏంట్రా, ఫుల్ మినిమల్‌కి షిఫ్ట్ అయిపోయావ్! సూపర్ ఉంది గానీ... మధ్యలో ఏదో మిస్సింగ్‌ రా.”

“అది కింద ఉంది” అన్నాను. జోకనుకుని నవ్వాడు.

వానాకాలం వచ్చింది. మునిరత్నం గారికి జ్వరం పట్టుకుంది. ఛాతీలో కఫం. హోసూరు రోడ్డు మీద ఒక ఆస్పత్రిలో చేర్చాం. అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే ఆయన ఎడమ చెయ్యి నా చొక్కా పట్టుకుంది. మెల్లగా విడిపించాల్సి వచ్చింది. సరోజమ్మ ఇంటికి తాళం వేసింది. “నువ్వుండావు కదప్పా. చూసుకో” అని వెళ్ళిపోయింది.

తర్వాత నేను మెషీన్లు ముట్టుకోలేదు. కింద ఎవరూ లేకుండా అది వాయించడం... ఎలా చెప్పను... ఎదుటి మనిషి లేకుండా మాట్లాడినట్టు ఉంటుంది.

ఒక రాత్రి మాత్రం ఉండబట్టలేకపోయాను. వాన అప్పుడే వెలిసింది. అన్నం తిన్నాను. ఏమీ తోచలేదు. చిన్న సౌండులో పెట్టాను.

దబ్... దబ్... దబ్...

ఖాళీ ఖాళీగానే ఉంది. కాసేపు విన్నాను. ఆపేద్దామని చెయ్యి చాపాను.

టిక్.

చెయ్యి అలాగే ఆగిపోయింది.

దబ్... టిక్. దబ్... టిక్.

అదే చోటు. సగం దాటాక, అదే ఆలస్యం. ట్రాకు ఆపేశాను. గదంతా నిశ్శబ్దం. రేకుల మీంచి నీళ్ళు జారుతున్నాయి... అదే అయ్యుంటుంది అనుకున్నాను. ఊపిరి బిగబట్టి విన్నాను.

టిక్.

నీళ్ళు కాదు. రాగి, ఇనుము. ఆ చప్పుడు నాకు తెలియనిదా?

చెప్పుల్లేకుండా దిగాను. మెట్లు తడిగా, చల్లగా ఉన్నాయి. తలుపుకి తాళం వేసినట్టే ఉంది. చెవి ఆనించాను. లోపలే... టిక్. కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోన్ లైటు వేశాను. కర్టెన్ సందులోంచి మంచం కనిపించింది. పరుపు చుట్టి ఒక పక్కన పెట్టి ఉంది. మనిషి లేడు. లైటు మంచం మీద ఉండగానే... టిక్.

తలుపు దగ్గరికే తిరిగి వచ్చాను. ఎలాగో సరోజమ్మకు ఫోన్ కలిపాను.

“ఆంటీ... అంకుల్ ఎలా ఉన్నారు?”

“అట్లే ఉండాడప్పా. కండ్లు తెరవలా.”

ఆమె గొంతు వెనక... ఫోన్లో... టిక్.

తలుపు వెనక... టిక్.

రెండూ ఒక్కసారే. ఫోన్లో వచ్చే చప్పుడు కాస్త వెనకబడి రావాలి. అది నాకు బాగా తెలిసిన విషయం. వెనకబడలేదు. రెండూ ఒక్కటిగా... టిక్.

“ఆ దబ్ దబ్ నిలిపేసినావేమి?” అంది సరోజమ్మ మెల్లగా.

ఆస్పత్రిలో ఉన్న ఆమెకు అదెలా వినపడిందో!

“నిలపొద్దప్పా. పెట్టు. వినపడతా ఉండాది.”

పైకి పరిగెత్తాను. ఫోన్ కట్ చేయకుండా స్పీకర్ల ముందు పెట్టి, మళ్ళీ మొదలుపెట్టాను. దబ్... టిక్. దబ్... టిక్. నా భయం ఎటు పోయిందో తెలియదు. వాయిస్తూ కూర్చున్నాను, అంతే.

కాసేపటికి ఆ టిక్ ఇంకొంచెం ఆలస్యమైంది. అందుకోలేకపోతున్నారనిపించింది. వేగం తగ్గించాను. అది ఇంకా వెనకబడింది. ఇంకా తగ్గించాను. మెషీన్ తగ్గగలిగినంత తగ్గిపోయాక, తనంతట తాను తిరిగే లూప్ ఆపేసి, బటన్‌ని వేలితోనే నొక్కడం మొదలుపెట్టాను. దబ్... ఒక పూర్తి ఊపిరి తీసి వదిలేంత సేపు... టిక్. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే ఆయన జారిపోతారేమోనని తుడుచుకోలేదు.

దబ్...

ఎదురుచూశాను.

దూరంగా హోసూరు రోడ్డు మీద లారీ ఏదో వెళ్ళింది. ఫోన్లో సరోజమ్మ ఊపిరి మాత్రం వినిపిస్తోంది. వేలు బటన్ మీదే ఉంది. టిక్ రాలేదు. చాలాసేపు... రాలేదు.

ఆ రాత్రే పోయారనుకుంటున్నారేమో. లేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఎండ బాగా కాసిన ఒక మధ్యాహ్నం, కళ్ళు తెరవకుండానే పోయారు.

కార్యాలన్నీ అయ్యాక నేనూ సరోజమ్మా మెట్ల మీద కూర్చున్నాం. ఆమెకు ఊరటగా ఉంటుందని అన్నాను.

“ఆ రాత్రి నేను వాయిస్తుంటే అంకుల్ చివరిదాకా చెయ్యి ఆడించారు కదా ఆంటీ.”

ఆమె నా వైపు వింతగా చూసింది.

“యాడ ఆడించినాడప్పా? ముక్కులో గొట్టం పీకేస్తాడని పొద్దున్నే ఆ చేతికి గుడ్డ చుట్టి మంచానికి కట్టేసినారు. పక్కనే కూర్చోనుంటి. ఇంత కూడా కదల్లా.”

“మరి ఫోన్లో... ఆ టిక్ టిక్...”

“అది నీ మెషీను సద్దు కాదా?”

కాదని తల ఊపాను.  ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆయనకుండేది ఆ ఒక్క చెయ్యే కదప్పా... దాన్ని కూడా కట్టేస్తిమి.”

 నేను ఇంకా దగ్గరికి జరిగాను.

అదేమిటో ఇప్పటికీ తెలియదు. తెలియకపోయినా ఫరవాలేదు. నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. చివర్లో టిక్ రాలేదని నేను ఆగిపోయాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ అలసిపోయిన చెయ్యి కదా... ఒక్క దెబ్బ తప్పిపోయి ఉండొచ్చు కదా. నేను ఇంకొక్కటి వేసి ఉంటే... అందుకునేవారేమో.