నవాబు చాకు, నా ఇత్తడి పిడి

ఆ రోజుల్లో నీకేం కావాలిరా అని దేవుడే దిగి వచ్చి అడిగినా, ఒక్క చాకు చాలు స్వామీ అనేవాణ్ణి. అదీ ఏదో ఒక చాకు కాదు, నవాబు చాకు. కొత్తగా సర్కారు ఉద్యోగంలో చేరినవాడు పెళ్లి గురించో, సొంత ఇంటి గురించో కలలు కంటాడు. నేను మాత్రం కరెంటు పనివాడిగా చేరిన మొదటి ఏడాదంతా పక్కవాడి జేబులోని మడత చాకును చూసి కుళ్లిపోయాను. (దీన్ని పెద్దమనుషులు ‘ఆరోగ్యకరమైన పోటీ’ అంటారు. నాది కుళ్లే. ఆరోగ్యం కూడా పాడయింది, అన్నం సయించేది కాదు.)

నవాబంటే నిజం నవాబేం కాదు, నాలాంటి కరెంటు పనివాడే. నాకంటే ఆర్నెల్లు ముందు చేరాడు. ఇస్త్రీ లేని చొక్కా తొడగడు, గోడమీద స్విచ్చు బోర్డు విప్పే ముందు కూడా తల దువ్వుకుంటాడు, అందుకని ఆ పేరు. అతని చాకుకు నల్లగా నిగనిగలాడే బర్రె కొమ్ము పిడి. నాదీ మడత చాకే, కాని కర్ర పిడి పగిలిపోతే నల్ల టేపు చుట్టి పెట్టుకున్నాను. తెరవాలంటే ఒక్కోసారి పళ్లతో లాగాలి. వైరు ఒలవాలన్నా, తాడు కోయాలన్నా మా సెక్షన్‌లో అందరి నోటా ఒకటే మాట, “నవాబ్ భాయ్, జర చాకు ఇయ్యి.” నేను పక్కనే చాకు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నా సరే, నన్ను అడిగిన పాపాన పోయినవాడు లేడు. చాకు చేతికి ఇస్తే జగడం వస్తుందని మావాళ్ల పట్టింపు, కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి. నవాబు ఆ పెట్టడం కూడా ఎంత మర్యాదగా పెట్టేవాడో! ఒక్కసారైనా మరిచిపోయి చేతికిచ్చి, ఎవరితోనైనా జగడం తెచ్చుకుంటే బాగుండునని నేను మొక్కుకున్న రోజులున్నాయి.

చివరికి ఈ సంగతి తేల్చుకోవాల్సిందే అనుకున్నాను. ఉన్నదానికి పిడి మార్పించడమా, కొత్తది కొనడమా? నయాపూల్ దగ్గర ఒక దుకాణంలో అచ్చం నవాబు చాకులాంటిదే ఉంది. దాన్ని అద్దం బయటినుంచి చూసి రావడం నాకు గుడికి పోయి వచ్చినట్టు అలవాటైంది. కాని అది కొంటే ‘నవాబును జూసి కొన్నడు’ అంటారు. నిజమే, చూసే కొంటాను. అయితే ఆ నిజం నాకొక్కడికి తెలిస్తే చాలదా? నాకు కావలసింది అతని చాకే, కాని ఆ ఆలోచన ముందు నాకే వచ్చినట్టు కనబడాలి. ఈ రెండూ ఒకే చాకుతో ఎలా కుదురుతాయో తెలియక నిద్ర పట్టేది కాదు.

మాదన్నపేట మండీలో అమ్మ వెనక సంచి పట్టుకుని నడుస్తున్నప్పుడూ అదే ఫికర్. “ఏందిరా, వంకాయలు ఏరమంటే గుమ్మడికాయ కోసే కత్తిని గట్ల జూస్తున్నవ్?” అని అడిగింది అమ్మ. విషయం చెప్పాను. “ఉన్నదానికే పిడి ఏయించుకోరాదురా! ఇనుము మంచిగనే ఉన్నది గద. మీ బాపు మన కత్తిపీటకు ఎన్నిసార్లు చెక్క మార్పిచ్చిండు, కొత్తది కొన్నడా?” అంది. మా సెక్షన్‌లో అందరికంటే పెద్దాయన్ని ఉస్తాదు అనేవాళ్లం. ఆయన్నీ కదిపి చూశాను.

“నీ చాకు కోస్తదా?” అన్నాడు.

“కోస్తది ఉస్తాద్.”

“మరేంది లొల్లి?”

ఇది కోతకు సంబంధించిన బాధ కాదని ఆ మహానుభావుడికి ఎలా చెప్పను?

అమ్మ మాటే ఖాయం చేసుకుని ఫలక్‌నుమాలో స్టేషన్ వెనక సందులో గొళ్లేలు, తాళాలు చేసే ఒక చిన్న కార్ఖానాకు వెళ్లాను. అక్కడి చాచా నా చాకును అటూ ఇటూ తిప్పి, “కామ్ కా హై, యా షౌక్ కా?” అన్నాడు. పనికా, సరదాకా అని. పనికి అంటే ఏదో చెక్క ముక్క తగిలించి పంపేస్తాడని భయపడి, మెడ నవాబులా నిటారుగా పెట్టి, “షౌక్ కా, చాచా. సబ్ దేఖ్‌నా” అన్నాను, అందరూ చూడాలని. “తో ఫిర్ పీతల్ లగాదేతూఁ, మస్త్ చమ్‌కేగా” అన్నాడు. ఇత్తడి! నవాబు కొమ్ము నలుపు, నా ఇత్తడి బంగారం. ఇక నేను కాపీ కొట్టానని ఎవడంటాడు? పిడిమీద పూల తీగలు చెక్కించాను, నా పేరులో మొదటి అక్షరం కూడా. దాని బరువుకు ప్యాంటు ఒకవైపు జారుతుంటే బెల్టు బిగించుకుని మరీ డ్యూటీకి వెళ్లాను.

ఆ రోజు వరండాలో పెద్ద బోర్డు విప్పి ఉంది. “చాకు తియ్యుండ్రి” అన్నాడు ఉస్తాదు. నవాబు చెయ్యి జేబులోకి వెళ్లేలోపల నా చాకు బయటికి వచ్చింది. అందరూ నోళ్లు తెరిచారు. నవాబు చెయ్యి జేబు దగ్గరే ఆగిపోయింది. అతని కళ్లలో కుళ్లు కనిపించింది, ఒట్టు. (ఏడాది పాటు పెంచి పోషించినవాణ్ణి, నాకా గుర్తు తెలియనిది?) ఆ సంతోషం ఎంతసేపుందో తెలుసా? ఉస్తాదు కళ్లజోడు పెట్టుకునేంతసేపు.

“పిడి దేనిది బిడ్డా?”

“ఇత్తడి ఉస్తాద్. స్పెషల్‌గ చేయించిన.”

“నువ్వేం పని జేస్తవ్?”

“కరెంటు పని...” అన్నాను.

“కరెంటు పనోడు ఇత్తడి పిడి వట్టుకుంటడారా? గిట్ల తీగకు ఆనిచ్చినవనుకో, గట్ల గోడకు బొమ్మ లెక్క అతుక్కుంటవ్! పెట్టు లోపల!”

సెక్షన్ సెక్షనంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. నవాబు మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి, “గని మస్తుంది భాయ్, నిజంగ” అన్నాడు. నవ్వినా భరించేవాణ్ణి. ఆ మంచితనానికి మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఆ చాకు పని మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గర ఉల్లిగడ్డలు కోయడానికి దిగిపోయింది. “పీతల్ భాయ్, నిమ్మకాయ కొయ్యాలె, తియ్యి” అని అందరూ నన్నే అడిగేవారు. అడగాలని కోరుకున్నాను గాని, నిమ్మకాయల కోసమని దేవుడికి వివరంగా చెప్పలేదు. పనికి మళ్లీ చాకు కావాలి కదా, తలవంచుకుని నయాపూల్ వెళ్లి కొమ్ము పిడిది కొన్నాను. మార్పించడమా, కొనడమా అని అన్నాళ్లు కొట్టుకున్నవాణ్ణి చివరికి రెండూ చేశాను.

తర్వాత కొన్నేళ్లకు నవాబుకు వేరే ఆఫీసుకు బదిలీ అయింది. వీడ్కోలు మిర్చీ బజ్జీలు తింటూ నేను లోలోపల పండగ చేసుకున్నాను. ఇప్పుడు సెక్షన్‌లో వైరు ఒలవాలంటే అందరూ నా దగ్గరికే వస్తారు. “అన్నా, జర చాకు ఇయ్యవా?” అని ఎవరైనా అన్నప్పుడల్లా, తీసే ముందు నా తల దానంతటదే వెనక్కి తిరుగుతుంది, నవాబు చూస్తున్నాడా అని. అతను ఉండడు. అంతగా కోరుకున్న గౌరవం ఇన్నాళ్లకు దక్కితే, కుళ్లుకోవలసిన మనిషే లేకపోయాడు. ఒకసారి ఫోన్ చేసి చెబుదామా అని కూడా అనిపిస్తుంది. చేసి ఏమని చెప్పను? నాలో నేనే నవ్వుకుని, అడిగినవాళ్లకు చాకు ఇచ్చేస్తాను.