పరదా పక్కన పీట

2022 చలికాలం. బేతంచెర్లలో నాపరాళ్ళకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీల వెనక ఉన్న ఒక వీధి నుంచి పొద్దున్నే నాకు ఫోను వచ్చింది. ఖాసింబీ అనే ఆవిడ తెల్లవారుజామున చనిపోయిందని, గుస్ల్‌కు రమ్మని.

గుస్ల్ అంటే ఖననానికి ముందు శవానికి చేయించే స్నానం. మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు చేస్తారు. మా ఊళ్ళో ఆడవాళ్ళకు చేయించే పని నాది. మా అత్త దగ్గర నేర్చుకున్నాను. ఆమె నాకు ముందుగా చెప్పినవి రెండు మాటలు. పోయినవాళ్ళకు కూడా నొప్పి తెలుస్తుందన్నట్టే తాకాలి. అక్కడ చూసింది బయట చెప్పకూడదు. అందుకే ఇక్కడ పేర్లు మార్చాను. ఖాసింబీ భర్త పరదా అవతల కూర్చుని నలుగురూ వినేలా తానే చెప్పిన సంగతులు, అతని సేవను తెలిపే ఒక మంచి మాట తప్ప ఆమె ఒంటి గురించి ఇంకేదీ రాయడం లేదు. రాయడానికి అతని అనుమతి తీసుకున్నాను.

వాళ్ళు నూర్‌బాషాలు, అంటే దూదేకుల ముస్లింలు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నేను వెళ్ళేసరికి భర్త దస్తగిరి వాకిట్లో నాపబండల దొంతి మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. అతని అక్క హుసేన్‌బీ గడపకు అడ్డంగా నిలబడి ఉంది.

"నువ్వన్నా చెప్పమ్మా వీనికి. లోపలికొస్తానంటాడు, నేనే నీళ్ళు పోస్తానంటాడు. ఎవరన్నా వింటే నవ్వుతారు" అంది హుసేన్‌బీ నాతో.

దస్తగిరి లేచి నిలబడ్డాడు. "దానికి పక్షవాతం వచ్చినప్పటి నుంచి నీళ్ళు పోసింది నేనే గదక్కా. ఒంటి మీద ఇంకో చెయ్యి పడనీయనని మాటిచ్చినా దానికి."

"అది బతికున్నప్పటి మాట. ఊపిరి పోతానే నికా తెగిపాయ. ఇప్పుడు నువ్వు పరాయోడివి. మొగం గూడా చూడగూడదు. జనాజా గూడా ముట్టగూడదు."

"రాత్రి దాకా మొగుణ్ణి. తెల్లారేసరికి పరాయోన్నయితినా?"

"నేను పెట్టినానా ఆ కట్టుబాటు? నన్నడిగితే నేనేం చెప్దు."

ఈ తగాదా నాకు కొత్త కాదు. భార్య పోతే భర్త ముఖం చూడకూడదు, జనాజా, అంటే శవాన్ని ఉంచి మోసుకెళ్ళే పెట్టె, మోయకూడదు అనే నమ్మకం మా వైపు చాలా ఇళ్ళలో ఉంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కొంత నిజం, కొంత భయం కలిసిపోయిన మాట అది. ఏది నిజమో నేను పుస్తకాల్లో చదివాను. కానీ మసల చెప్పడం, అంటే ధర్మం ప్రకారం ఇది చేయవచ్చు, ఇది చేయకూడదు అని తేల్చడం నా పని కాదు. పైగా దుఃఖంలో ఉన్న ఇంట్లో నా మాట ఒక ఆడమనిషి మాటగానే మిగులుతుంది. మసీదు ఇమాం గారికి ఫోను చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాను.

ఆయన అంతా విన్నాడు. ముందు దస్తగిరిని పలకరించాడు. "దస్తగిరప్పా, అల్లా నీకు ఓపిక ఇవ్వాల. చూడు, మనం నడిచే హనఫీ పద్ధతిలో భర్త భార్యకు గుస్ల్ చేసేదానికి లేదు. ఒంటికి చెయ్యి తగలగూడదు. వేరే పద్ధతిలో నడిచేటోళ్ళు చేయచ్చంటారు, అది గూడా పెద్దల మాటే, నేను దాన్ని తప్పనను. కానీ ఆడోళ్ళు ఉండంగా నిన్ను చెయ్యమని నేను చెప్పలేను."

దస్తగిరి తల వంచుకున్నాడు.

"ఇంకా అయిపోలే, విను. మొగం చూడచ్చు. ఎంతసేపన్నా చూడు. జనాజా మోయచ్చు. కఫన్ గుడ్డ చుట్టినాక, దాని మీది నుంచి పట్టుకుని సమాధిలోకి దించచ్చు. ఇవి వద్దన్నోళ్ళు తెలీక చెప్పినారు."

హుసేన్‌బీ గడప దగ్గర నుంచి పక్కకు జరిగింది.

లోపల మధ్య గదిలో చెక్క బల్ల వేయించాను. నీళ్ళు కాళ్ళ వైపు జారేలా తల వైపు బల్లకోళ్ళ కింద నాపబండ ముక్కలు పెట్టించాను. చుట్టూ దుప్పట్లతో పరదా కడుతుంటే దస్తగిరి ద్వారం దగ్గరికి వచ్చి నన్ను పిలిచాడు.

"అక్కా, ఒకటి అడుగుతా. నేనే ముందు పోయింటే, ఇది నాకు గుస్ల్ చేయచ్చునా?"

"చేయవచ్చు" అన్నాను.

"అదేందక్కా?"

నాకు తెలిసిన కారణం చెప్పాను. భర్త పోయాక భార్య ఇద్దత్‌లో ఉంటుంది. అది ఆమె ఇంకో పెళ్ళి చేసుకోకుండా ఆగే గడువు. ఆ గడువు ముగిసేదాకా పెళ్ళి బంధం కొంత మిగిలి ఉన్నట్టే లెక్క. భర్తకు అలాంటి గడువు లేదు. కనుక అతని వైపు నుంచి బంధం వెంటనే తెగినట్టు.

"నాకు గడువు లేదనా? నేను మాత్రం యాడికి పోతానక్కా."

అంతకు ముందు ఏడాదే నా భర్త పోయాడు. మసీదు నుంచి వచ్చిన మగవాళ్ళను బయట కూర్చోబెట్టి, ఆయనకు గుస్ల్ నేనే చేశాను. ఆయన చెవుల వెనక, వేళ్ళ సందుల్లో, మెడ మీద, నేను ఎరిగిన ప్రతి చోటా నీళ్ళు పోశాను. ఆ తర్వాత బతకడానికి ఆ పని నాకు కొంత సాయం చేసింది. అలాంటిది ఈ మనిషికి లేదు. అది న్యాయమా అనే ప్రశ్న నాకూ వచ్చింది. ఆజ్ఞను పాటించడం, అది పెట్టే బాధను బాధ అని ఒప్పుకోవడం, ఈ రెండూ ఒక్క మనిషిలో ఉండగలవని మాత్రం తెలుసు.

"నువ్వు లోపలికి రాగూడదన్నారు. పరదా అవతల కూర్చోగూడదని ఎవరూ అనలే గదా" అన్నాను. హుసేన్‌బీయే పీట తెచ్చి వేసింది.

నీళ్ళు అతనే తెచ్చాడు. రేగాకు వేసి కాచిన నీళ్ళు. పరదా కింది నుంచి బకెట్ జరిపే ముందు మోచెయ్యి ముంచి చూసుకున్నాడు. రోజూ అలాగే చూసేవాడట.

లోపల నేనూ హుసేన్‌బీ ఇద్దరమే. ఒంటి మీద గుడ్డ కప్పే ఉంచి, చేతికి గుడ్డ సంచి తొడుక్కుని మొదలుపెట్టాను. బయట నుంచి అతను చెబుతున్నాడు.

"ఎడమ చెయ్యి పిడికిలి పడింటాది. గుంజొద్దండి. మణికట్టు మీద వేన్నీళ్ళు పోసి, ముందర బొటనవేలు తీయండి. మిగతావి అవే వస్తాయి."

అలాగే చేశాను. శవం బిగుసుకునే వేళ అది. నేను ఊహించినదానికంటే మెల్లగానే అయినా వేళ్ళు విడివడ్డాయి. అరచేతి మధ్య శుభ్రంగా ఉంది. మంచాన పడినవాళ్ళ పిడికిలి లోపల అంత శుభ్రంగా ఉండటం నేను అరుదుగా చూశాను.

"వచ్చినాయా?"

"వచ్చినాయప్పా."

"నేను పోసేటప్పుడు తిడ్తాండె. బండకు పాలిష్ పట్టినట్ల తోముతాండావు, నేను మనిషినప్పా, అని."

హుసేన్‌బీ నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కుడి పక్క కడగడానికి శవాన్ని ఎడమ వైపు ఒత్తిగిలించాలి. ఆ సంగతి చెప్పగానే అతను తొందరగా అన్నాడు. "ఆ పక్కకు తిప్పితే నడుం కింద గుడ్డ మడిచి పెట్టండక్కా. లేకపోతే దానికి ఊపిరాడదు."

అన్నాక ఆగిపోయాడు. నేను ఒక తువ్వాలు మడిచి నడుము కింద పెట్టాను. "పెట్టినానప్పా" అని చెప్పాను. "ఆ" అన్నాడు.

చివరి నీళ్ళలో కర్పూరం కలిపి పోశాము. ఒళ్ళు తుడిచి కఫన్ చుట్టి, ముఖం మాత్రం తెరిచి ఉంచి పరదా తీయించాను. దస్తగిరి వచ్చి తల వైపు నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు, పొరపాటున కూడా తగలకుండా. చాలాసేపు అలాగే చూశాడు. ఎవరూ చాలు అనలేదు.

హుసేన్‌బీ నా పక్కన నిలబడి, నాకు మాత్రమే వినబడేలా అంది. "మా యమ్మ పోయినప్పుడు మా నాయన్ను ఇట్లనే వాకిట్లో కూర్చోబెట్న్యారు. అడ్డం నిలబడింది నేనే. ఆయప్ప పోయేదాకా ఆ మొగం గురించే అడుగుతాండె, ఎట్లుండె మే, ఎట్లుండె, అని. చూడచ్చని నాకు తెల్దమ్మా."

ఆమె చెయ్యి పట్టుకున్నాను.

జనాజాకు మగవాళ్ళు చేరారు. నేను చేతులు కడుక్కుని వాకిట్లోకి వచ్చేసరికి దస్తగిరి పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. అవసరానికి మించి కాచాడు. వాడని నీళ్ళు ఇంకా గుండిగలో ఉన్నాయి.

"ఇవి పారబోయబుద్ధి కాలేదక్కా. జనాజా నమాజుకు వీటితో వజూ చేసుకోవచ్చునా?"

వజూ అంటే నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కోవడం. శుభ్రమైన నీళ్ళు, ఎవరూ వాడనివి. ఆ మసల కోసం ఇమాం గారికి ఫోను చేయాల్సిన పని లేదు. "చేసుకోవచ్చప్పా" అన్నాను.

చెంబుతో ముంచుకుని, ముందు మోచేతి మీద పోసి వేడి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా వజూ చేసుకుని, లేచి వెళ్ళి జనాజాకు ముందు వైపు భుజం పెట్టాడు.

నా పని పోయినవాళ్ళతో మాత్రమేనని అంతవరకూ అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి ఏ ఇంటికి వెళ్ళినా, దుప్పట్లు కట్టక ముందే ఒక మాట అడుగుతున్నాను. ఇన్నాళ్ళూ ఈమెకు నీళ్ళు పోసిందెవరు అని. లోపలికి రాదగినవాళ్ళయితే నా పక్కన నిలబెట్టుకుంటాను. కాకపోతే, పరదా పక్కన పీట వేయిస్తాను.