వన్స్ మోర్ అన్న ఆదివారం

కెనడాలో టొరంటో దగ్గరి ఒషావాలో చదువుకుంటూ కాఫీ షాపులో పార్ట్‌టైం చేసిన రోజుల్లో నాతోపాటు ఇంగ్లండు నుంచి వచ్చిన ఒకమ్మాయి పనిచేసేది. ఇరవై రెండేళ్ళుంటాయి. వాళ్ళది సముద్రం ఒడ్డున చిన్న ఊరు, తండ్రి బస్సు డ్రైవరు. తన పాటలు తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని, పదహారో ఏట నుంచే గిటారుతో హోటళ్ళలో పాడేదట. రెండేళ్ళ వర్క్ పర్మిట్ మీద టొరంటోలో పైకొద్దామని వచ్చి, అక్కడి అద్దెలకు జడిసి మా ఊళ్ళో తేలింది.

చివరికి ఒక స్టూడియో ఆయన ఆమె పాటలు విని, సోమవారం వస్తే రెండు రికార్డు చేద్దామన్నాడు. సరిగ్గా అప్పుడే గొంతు వాచింది. సోమవారం దాకా రోజుకు ఒక్క పాటకు మించి పాడితే గొంతు పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ వారమంతా ఆమె బదులు ఆర్డర్లు నేనే అరిచాను. ఆమె కాగితాల మీద రాసి చూపించేది. అంత జాగ్రత్తగా కాపాడుకుంది.

స్టూడియోకి వెళ్ళే ముందురోజు ఆదివారం, పక్క ఊరు ఏజాక్స్‌లో తెలిసిన తెలుగు అంకుల్ గారి గృహప్రవేశం. వడ్డనకు మా స్టూడెంట్లను పిలిచారు. తన ఆఫీసులో నా రెజ్యూమే ఇస్తానని ఆయన మాటిచ్చి ఉన్నారు. పులిహోర తిందువుగాని రమ్మని ఆమెను నేనే వెంటబెట్టుకెళ్ళాను. పాడమంటే ఒక్కటే పాడతానని, ఆ సంగతి మీవాళ్ళకు నువ్వే చెప్పాలని కార్లో నాతో అంది. అదెంత పని అన్నాను.

భోజనాలయ్యాక అడగనే అడిగారు. తండ్రి బస్సులో ముందు సీట్లో కూర్చుని తిరిగిన చిన్నతనం మీద రాసుకున్న పాట పాడింది. పై స్థాయికి వెళ్ళిన చోట పిల్లలు కూడా అల్లరి ఆపేశారు. నిజంగా ఏడుపొచ్చింది నాకు. అయిపోగానే అంకుల్ లేచి వన్స్ మోర్ అన్నారు. నచ్చిందని చెప్పడానికి మనవాళ్ళకు అంతకన్నా పెద్ద మాట తెలియదు కదా. హాలంతా అందుకుంది. ఆమె నావైపు చూసింది. నేను అరిటాకులు తీస్తున్నట్టు వంగాను.

మళ్ళీ పాడింది. అవగానే వంటింట్లోంచి ఆంటీ వచ్చి, ఆమెకు బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టి, నా భుజం తట్టారు.

"మా అత్తగారు పైన పడుకుని వినలేదమ్మా. ఒక్కసారి పాడమని చెప్పవూ, నువ్వు చెప్తే కాదనదు."

గొంతు బాగోలేదని చెప్పడానికి నాకేం రోగం? పక్కనే అంకుల్ నవ్వుతూ నిలబడ్డారు. చెప్పొద్దూ, నాకు నా రెజ్యూమేయే గుర్తొచ్చింది. పెద్దావిడ అడుగుతోంది, ప్లీజ్ అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

మూడోసారి సగంలో ఆమె గొంతు జీరబోయింది. అయినా ఆపకుండా పూర్తి చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చేటప్పుడు కార్లో, గాలిలా వినపడీ వినపడనట్టు ఒక్క మాట అంది.

"నువ్వు చెప్తావనుకున్నాను."

సోమవారం స్టూడియోలో గొంతు పెగల్లేదు. తగ్గాక కబురు చేస్తానన్న పెద్దమనిషి మళ్ళీ చేయలేదు. పర్మిట్ అయిపోయి ఆమె వెళ్ళిపోయింది. అంకుల్ నా రెజ్యూమే ఇచ్చారు. ఇప్పటికీ ఆ ఉద్యోగమే చేస్తున్నాను. తలుచుకుంటే నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

మొన్నామధ్య నెట్‌లో ఆమె పేజీ కనిపించింది. వాళ్ళ ఊళ్ళో పిల్లలకు గిటారు నేర్పుతోందట, శనివారాలు పాడుతోందట. ఆ బస్సు పాట పెట్టింది. శ్రుతి బాగా తగ్గించుకుంది. పిల్లలు అల్లరి ఆపేసిన ఆ చోట ఇప్పుడు పాడటం లేదు, గిటారు ఒక్కటే మోగుతోంది. పాట అయిపోయాక నా వేలు అలవాటుగా మళ్ళీ ప్లే బటన్ మీదికే వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను.