తెగిన స్ట్రిప్పులో ఐదు

తెలంగాణ ఉద్యమం రోజులు. రాస్తారోకో వల్ల మా బస్సు కోరుట్లలో ఆగిపోయింది. మాది గుంటూరు వైపు. యాస బయటపడుతుందని నోరు విప్పకుండా కూర్చున్నాను. పక్క సీటులో బీడీలు చేసే ఒకావిడ, కిటికీ దగ్గర ఆమె భర్త. ఆమె బీపీ గోలీల స్ట్రిప్పు ముక్కలు రెండు నా చేతిలో పెట్టింది.

"సారూ, గీ రెండిట్ల అయిదుది ఏది? పదిది ఏసుకుంటే ఈయనకు కండ్లు తిరుగుతున్నయని జగిత్యాల డాక్టర్ తగ్గిచ్చిండు. గోలీ యాళ్ల అయితాంది."

షాపులో కత్తిరించి ఇచ్చిన ముక్కలు. రెండింట్లోనూ చిన్న తెల్ల మాత్రలే. అంకె మాత్రం లేదు. రెండు డిగ్రీలున్న నేను ఒక్క మిల్లీగ్రామూ చదవలేక, "తెలియట్లేదండీ" అన్నాను.

"ఆంధ్ర సారా? గంత బుగులెందుకు, ఏం భయం లేదు!" అని నవ్వి, సంచిలోంచి ఖాళీ స్ట్రిప్పులు తీసింది. పాతది చూపించి కొత్తది కొనడానికి అక్కడ వాటిని దాచుకుంటారట. బీడీ ఆకు కత్తిరించే వేళ్లతో అంచుకు అంచు ఆనించింది. మొదటి ముక్క వంకర కత్తిరింపు ఒక ఖాళీ స్ట్రిప్పుతో సరిగ్గా కలిసి, సగం తెగిన అక్షరాలు అతుక్కున్నాయి. పక్కనే పది అంకె!

"అయితే రెండోదే ఐదు," అని, దాని మీద పెన్నుతో పెద్దగా 5 వేశాను.

భర్త నా వైపు చూశాడు. "ఆంధ్రోళ్లు రాసిచ్చింది నమ్మే ఇన్నేండ్లు మునిగినం గదనే!"

"రాసింది సారు. ఎతికింది నేను. మింగు!"

ఆయన గోలీ మింగాడు.