మారు వడ్డించే హోటల్

ఈ నెల ఏడో తారీఖు, శుక్రవారం. ఆ రోజు మొదటి ఆశ్చర్యం ఏంటంటే, మా పక్క వీధివాళ్ళ సంగతి మాకు దుబాయ్ నుంచి తెలిసింది. నరసాపురంలో ఇంకా పాలవాడు కూడా రాలేదు. దుబాయ్‌లో బస్సు నడిపే మా నాన్న ఫోన్ చేశాడు. అమ్మకి ఇవ్వమనలేదు.

"అమ్మాయ్, మీ మావయ్య పంటు మీంచి గోదాట్లో పడిపోయాడంట. రేవులో ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. మీ అమ్మకి నువ్వే చెప్పు. నావల్ల కాదు."

మావయ్య రోజూ ఏరు దాటించే మొదటి పంటు మీద, మోటారు సైకిళ్ళ మధ్య చేపల బుట్టలు పెట్టుకుని, అవతలి గట్టుకి దాటేవాడు. ఆ రోజు నడి ఏట్లో ఫిట్స్ వచ్చింది. పట్టుకునేలోపే పంటు అంచు దాటి వెళ్ళిపోయాడు. పైన వానలు పడి ఏరు ఎర్రగా, కోపంగా ఉంది. మధ్యాహ్నానికి వల వేసి తీశారు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తాను వలలు వేసిన ఏట్లోంచి ఆయన్ని వలతోనే తీశారు. రేవు రాళ్ళకి కొట్టుకుని ముఖం ఒకవైపు చితికిపోయింది. అమ్మ చూడలేనంది. నేను చూశాను. ఎడమ చెవి పైన ఉండే పాత మచ్చ మాత్రం అలాగే ఉంది. ఈ కథంతా ఆ మచ్చదే.

ఈ మధ్యనే నాకు మాటల మీద ప్రేమ పుట్టింది. కొత్త మాట దొరికితే రోజంతా నోట్లో పెట్టుకుని తిరుగుతాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మా కాలేజీ గోడపత్రికలో "సౌమ్యులు", "మృదుభాషి" అని రాస్తారు. రెండూ అందమైన మాటలే. మావయ్యకి తొడిగితే మాత్రం భుజాల దగ్గర చినిగిపోతాయి. మావయ్య కొట్టేవాడు. చేపల వేలంపాటలో తూకం తేడా వస్తే కొట్టేవాడు, రేవులో ఎవడైనా పడవ తాడు విప్పేస్తే కొట్టేవాడు. ఒకసారి అత్త మీద చెయ్యి ఎత్తితే మా అమ్మమ్మ పొయ్యిలోంచి మండుతున్న కట్టె లాగి వీపు మీద వేసింది. "ఇంకోసారి ఎత్తావంటే ఆ చెయ్యి పొయ్యిలో పెడతాను" అంది. అత్త మీద మళ్ళీ ఎత్తలేదు. మిగతా ప్రపంచం మీద ఎత్తుతూనే ఉన్నాడు.

అమ్మమ్మే ఇంకో సంగతి కూడా నేర్పింది. అప్పుడు నేను చిన్నదాన్ని. ఎవరిదో పన్ను రాలగొట్టాడని మావయ్య కోసం కానిస్టేబుల్ వచ్చాడు. మావయ్య అన్నం తింటున్నాడు. కానిస్టేబుల్ లోపలికి రాబోతే అమ్మమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"తినేవోణ్ణి లేపుతారేంటండీ? మీరూ అన్నం తినేవోరే కదా. చెయ్యి కడుక్కోనివ్వండి. ఆ తరవాత మీ ఇష్టమండి."

ఆ కానిస్టేబుల్ నిజంగానే అరుగు మీద కూర్చున్నాడు. అమ్మమ్మ ఆయనకి మజ్జిగ ఇచ్చింది. మావయ్య పెరుగన్నం దాకా తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వెళ్ళాడు. సాయంత్రం వాచిన ముఖంతో తిరిగొచ్చాడు. మా ఇంట్లో ఎవరూ కానిస్టేబుల్‌ని తిట్టలేదు. ఆయన మర్యాద తప్పలేదు.

నా పదో తరగతి పరీక్షలయ్యాక అమ్మా నేనూ విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్ళాం. అప్పుడు మావయ్య కూడా అక్కడే కట్టడాల దగ్గర ఇనుప పరంజాలు కట్టేవాడు. నాన్న మా కోసం ఎవరి ఫ్లాట్‌లోనో చిన్న గది తీసుకున్నాడు. అందులో వంట చేసుకోకూడదని షరతు. అంటే ఆ సెలవులన్నీ హోటల్ తిండే. అంత పెద్ద ఊళ్ళో మన తిండి, బాగుండాలి, నాన్న జీతానికి అందాలి. ఆ పని మావయ్య నెత్తిన వేసుకున్నాడు. డ్యూటీ దిగగానే వచ్చి, "పద కోడలా, వేటకి" అనేవాడు. మేనకోడల్ని కాబట్టి నన్ను అలాగే పిలిచేవాడు.

ఆ వేటకి ఆయన పద్ధతులు ఆయనవి. బోర్డు మీద దేశం బొమ్మా, నెమలి బొమ్మా ఉంటే లోపలికి వెళ్ళేవాడు కాదు. "ఆ బొమ్మల డబ్బులు కూడా మనమే కట్టాలి" అనేవాడు. అద్దంలోంచి లోపలికి తొంగి చూసి, తినేవాళ్ళ చేతులు ఎక్కడిదాకా తడిశాయో చూసేవాడు. చెంచాలు కనిపిస్తే పక్క వీధికి తిరిగేవాళ్ళం. లోపల కూర్చున్నాక మొదట చారు అడిగేవాడు. చారు నచ్చితే అసలు పరీక్ష మొదలు. కంచంలో అన్నం అయిపోగానే చెయ్యి ఆపి, మాట్లాడకుండా కూర్చునేవాడు. వడ్డించేవాడు ఖాళీ కంచం చూసి తనంతట తాను మారు అన్నం తెస్తాడా, పిలిస్తే గానీ రాడా, పిలిచినా బిల్లులో రాస్తాడా? దాన్ని బట్టి ఆ హోటల్ మంచిదో కాదో తేలిపోయేది.

చాలా హోటళ్ళు తప్పాయి. ఒకచోట పప్పులో పంచదార తగిలింది. మావయ్య బల్ల మీద గుద్దిన గుద్దుకి గ్లాసులు ఎగిరి నా ఒళ్ళో పడ్డాయి. ఇంకోచోట మారు అడిగితే సర్వర్ నవ్వాడని అతని కాలర్ పట్టుకున్నాడు. నాన్న మధ్యలో పడి, "ఒరేయ్ బావమరిదీ, ఇది నరసాపురం రేవు కాదురా, ఇక్కడ చెయ్యి లేస్తే జైలే" అని బతిమాలి బయటికి లాక్కొచ్చాడు. దారిలో మావయ్య అమ్మతో, "కొట్టలేదు కదక్కా, పట్టుకున్నానంతే" అన్నాడు, మెచ్చుకోమన్నట్టు.

చివరికి ఒక శుక్రవారం మేం వెతికే హోటల్ దొరికింది. ఊరి మధ్య ఉన్న సముద్రపు పాయకి అవతలివైపు, చిన్న చెక్క పడవలో దాటి వెళ్ళాం. "మన పంటుకి పుట్టిన పిల్లలా ఉంది" అని మావయ్య ఆ పడవని తట్టాడు. సందులో ఇరుకు హోటల్. బయట టాక్సీలు వరసగా ఆగి ఉన్నాయి. లోపల పనసపొట్టు కూర, ఆవ పెట్టి చేసింది. చారు తాగి మావయ్య అన్నం కలుపుకున్నాడు. కంచం ఖాళీ చేసి కూర్చున్నాడు. ఒక పెద్దాయన గిన్నెతో వచ్చి, అడక్కుండానే వేడివేడిగా మారు పెట్టి, "ఇంకొంచెం కూర వెయ్యనాండి?" అన్నాడు.

మావయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూశావా అక్కా" అన్నాడు. ధర కూడా తక్కువే. రోజూ ఇక్కడికే వచ్చేద్దామని నాన్న అన్నాడు. కౌంటర్ దగ్గర ఉన్న మేనేజర్‌ది కూడా మన వైపే, ఏటికి అవతల రాజోలు పక్క. "రండి, మన గోదారోళ్ళే!" అని నవ్వాడు.

పక్క బల్ల దగ్గర నీలం బట్టల్లో ఒక కూలీ తింటున్నాడు. ఏ దేశమో తెలియదు. గోళ్ళ సందుల్లో సిమెంటు ఉంది. మంచి బట్టలు వేసుకున్న కుటుంబం ఒకటి గుమ్మంలోకి వచ్చింది. బల్లలు ఖాళీ లేవు. మేనేజర్ వచ్చి కూలీని లేవమన్నాడు. అతనికి అర్థం కాక, నవ్వి, ఇంకో ముద్ద కలుపుకున్నాడు. మేనేజర్ అతని మెడ దగ్గర చొక్కా పట్టుకుని పైకి లాగాడు. కంచం బోర్లా పడింది. కలిపిన ముద్ద అతని చేతిలోనే ఉండిపోయింది.

మావయ్య ఎప్పుడు లేచాడో నేను చూడలేదు. స్టూలు గాలిలో కనిపించింది. అది మేనేజర్ భుజం మీద విరిగింది. తర్వాత కౌంటర్ అద్దం పగిలింది, సోంపు గిన్నె ఎగిరింది, ఎవరో అరిచారు. మావయ్య అతన్ని గోడకి నొక్కి ముఖం మీద కొడుతున్నాడు. ప్రతి దెబ్బకీ ఒకటే మాట. "తినేవోణ్ణి! తినేవోణ్ణి లేపుతావేంట్రా!" మేనేజర్ చేతికి వంటగది గుమ్మంలో ఆనించిన ఇనుప తెడ్డు అందింది. పెద్ద గుండిగల్లో అన్నం కలిపే తెడ్డు. దాంతో మావయ్య ఎడమ చెవి పైన కొట్టాడు. తాటికాయ పగిలినట్టు చప్పుడైంది. మావయ్య కూలిపోయాడు. నెత్తురు పాకుతూ వచ్చి నేల మీది మెతుకుల్ని తడిపింది. ఆ కూలీ ముద్ద పారేసి, మావయ్య తల తన ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని భాషలో ఏదో అంటూనే ఉన్నాడు. ఆ మాటలు ఏంటో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంది.

మొదట ఆసుపత్రి, ఆ తర్వాత జైలు, చివరికి ఇంటికి పంపేశారు. ఉద్యోగం పోయింది. తలలో దెబ్బ మాత్రం ఆయనతోనే వచ్చింది. అప్పటి నుంచి ఫిట్స్. అత్త ఏడ్చినప్పుడల్లా ఒకటే మాట అనేది. "ఊరూ పేరూ తెలీనోడి కంచం కోసం నా కాపురం పగలగొట్టాడు." మావయ్య మందుబిళ్ళ మింగి చేపలు సర్దుకునేవాడు.

కానీ మా వీధిలోంచి గల్ఫ్ వెళ్ళే ప్రతివాళ్ళూ ముందు రోజు ఆయన అరుగు మీదికే వచ్చేవాళ్ళు. ఎక్కడ తినాలో చెప్పించుకునేవాళ్ళు. ఆయన సందులు, మలుపులు, టాక్సీలు ఆగే చోట్లు చెప్పేవాడు. ఆ హోటల్ పేరు కూడా చెప్పేవాడు. నేను ఉండబట్టలేక అడిగాను.

"మావయ్యా, నీ తల పగలగొట్టిన హోటల్‌కి జనాన్ని పంపిస్తావేంటి?"

"వండేవోడి చెయ్యి మంచిదే కోడలా. కౌంటర్లో ఉన్నోడిదే పాడు చెయ్యి. ఆ పనసపొట్టు కూర ఏం తప్పు చేసింది?"

నిన్న మావయ్య పెద్దకార్యం. వాకిట్లో టెంటు వేసి, వరసగా ఆకులు వేశాం. నేను నీళ్ళు పోస్తున్నాను. మూడో పంక్తిలో చివరి ఆకు ముందు కూర్చున్నాయన గ్లాసు ఎత్తలేదు. తల ఎత్తాడు. కౌంటర్ లేదు, ఇస్త్రీ చొక్కా లేదు, ముక్కు కొంచెం వంకరగా అతికింది. ఆ మేనేజరే. ఊరికి వచ్చినవాడు ఎక్కడో విని, పంటు దాటి వచ్చి, ఎవరికీ చెప్పకుండా పంక్తిలో కూర్చున్నాడు.

చెంబు పట్టుకునే వెళ్ళి అమ్మ చెవిలో చెప్పాను. పక్కనే ఉన్న మావయ్య కొడుకు, నాకు బావ, విన్నాడు. పెరట్లోకి వెళ్ళి చేపలు కోసే కత్తితో తిరిగొచ్చాడు. తండ్రి భుజాలే, తండ్రి నడకే. వెనక నుంచి ఆయన చొక్కా మెడ దగ్గర పట్టుకున్నాడు.

"లెగు. మా నాన్నని సంపి మా అన్నం తింటావా? లెగరా!"

పంక్తిలో అందరి చేతులూ ఆగిపోయాయి. ఆయన చేతిలో పప్పు కలిపిన ముద్ద ఉంది. నేను చూసిన ముద్దే అది, మనిషి మాత్రం వేరు. ఆయన పెనుగులాడలేదు. లేవబోయాడు.

"ఒరేయ్, చెయ్యి తియ్యి."

ఆ రోజు అత్త గది దాటి రాకూడదు. వచ్చింది. బొట్టులేని ముఖంతో, చెదిరిన జుట్టుతో గుమ్మంలో నిలబడింది. పెద్దవాళ్ళెవరో "లోపలికి ఎల్లమ్మా" అంటున్నారు. ఆమె వినిపించుకోలేదు.

"అమ్మా, ఈడెవడో తెలుసా నీకు?"

"తెలిసింది. ఆకు ముందు కూకున్నాడు. మీ నాన్న దేనికి సచ్చాడ్రా? దీనికే కదా! ఇయ్యాల మన వాకిట్లో నువ్వు లేపితే ఆయన ఉత్తినే సచ్చినట్టు. చెయ్యి తియ్యి."

బావ చెయ్యి వెంటనే రాలేదు. వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి. అత్త నా పక్కనున్న అన్నం గిన్నె లాక్కుని, వంగి, ఆయన ఆకులో గరిటెతో మారు పెట్టింది. పెట్టడం కాదు, కొట్టినట్టు వేసింది. మెతుకులు ఆయన ముఖానికి చిందాయి.

"తిను" అంది. "తినేదాకా నిన్నెవడూ ముట్టుకోడు."

ఆయన తిన్నాడు. భయంతో, ఏడుస్తూ, ఆకు తుడిచినట్టు తిన్నాడు. పెరుగు దాకా తిన్నాడు. తర్వాత లేచి, గోలెం దగ్గర చెయ్యి కడుక్కుని, నేరుగా బావ ముందుకి వచ్చి నిలబడ్డాడు. బావ కత్తి నాకిచ్చాడు. పిడికిలితో ఒకే దెబ్బ కొట్టాడు. ఆయన మోకాళ్ళ మీద పడి, నెత్తురు ఉమ్మి, లేచాడు. అత్త వైపు తిరిగి చేతులు జోడించాడు.

"ముందు కొట్టింది ఆయనేనండి. కానీ లేపింది నేనండి."

ఆ మాట అనేసి పంటు వైపు వెళ్ళిపోయాడు. అత్త ఆ ఖాళీ ఆకుని తనే మడిచి ఎత్తింది. ఊరూ పేరూ తెలీనోడి కంచం అన్న మాట ఆ తర్వాత ఇంతవరకూ ఆమె నోట రాలేదు.

ఈ సాయంత్రం మా వీధి చివరి ఇంటి అబ్బాయి వీధి అలవాటు ప్రకారం మావయ్య అరుగు దగ్గరికి వచ్చి, ఎవరూ లేకపోయేసరికి గుమ్మంలో తడబడ్డాడు. ఏసీలు బిగించే పని మీద దుబాయ్ వెళ్తున్నాడు. "ఎక్కడ తినాలో ఆయన చెప్తానన్నారండి" అన్నాడు. లోపలి నుంచి అత్త, "అమ్మాయ్, నువ్వు చూశావుగా. నువ్వే చెప్పు" అంది.

అతని రైలు రేపు పొద్దున్నే. అత్త దారిలోకి పులిహోర కడతానంది. నేను స్టేషన్‌కి తీసుకెళ్ళి ఇస్తాను. సందు చెప్తాను, పడవ రేవు చెప్తాను, టాక్సీలు ఆగే చోటు చెప్తాను. కంచం ఖాళీ అయ్యాక మాట్లాడకుండా కూర్చోమంటాను. అలా కూర్చున్నప్పుడు పక్క బల్ల మీద ఎవరు తింటున్నారో, వాళ్ళని పూర్తిగా తిననిస్తున్నారో లేదో, ఒక కంట చూస్తూ ఉండమంటాను.