ఇంగ్లీషు మేడంగారి తెలుగు పాఠం

సముద్రం దాటి తెలుగు నేర్చుకోవడానికి వచ్చిన మనిషితో మా కోనసీమలో ఎవరూ తెలుగు మాట్లాడలేదు. ఈ మాటంటే మా ఊళ్ళో వాళ్ళు నొచ్చుకుంటారు. "అదేంటి టీచరుగారూ, ఎంత బాగా చూసుకున్నామండీ ఆవిణ్ణి" అంటారు. బాగానే చూసుకున్నారు. నా కోపమంతా అక్కడే.

ఆ అమ్మాయిది మారిషస్. వాళ్ళ పూర్వీకులు చెరకు తోటల్లో కూలికని గోదావరి ప్రాంతం నుంచే ఓడెక్కారు. ఇప్పుడు ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది అక్కడి క్రియోల్ భాష, బడిలో చదివేది ఇంగ్లీషు. తెలుగు పండగలకూ భజనలకూ మిగిలింది. అయినా అక్కడి బడుల్లో కోరుకున్న పిల్లలకు తెలుగు చెబుతారట. ఆ తెలుగు టీచరు కావాలని ఈమె శిక్షణలో చేరింది. అందులో భాగంగా కొన్ని నెలలు ఇక్కడ ఒక తెలుగు ఇంట్లో ఉండి, ఇక్కడి బడిలో తెలుగు పాఠాలు చెప్పి, శిక్షణ సంస్థ నుంచి వచ్చే పరిశీలకుడి చేత పాసనిపించుకోవాలి. అనిపించుకుంటే వాళ్ళ ఊరి బడిలో ఉద్యోగం. లేకపోతే అది ఇంకొకరికి పోతుంది. వచ్చిన వారంలోనే ఈ సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది, ఇంగ్లీషు ముక్క రానివ్వకుండా బొమ్మలు గీసి.

మా ఇల్లు మామిడికుదురు దగ్గర. నేను ప్రభుత్వ బడుల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా ఆయనది కొబ్బరి వ్యాపారం. మేడ మీద గది ఖాళీగా ఉంది, సంస్థవాళ్ళు అడిగారు, సరేనన్నాను.

మొదటి సాయంత్రం ఆమె మా హాల్లో నిలబడి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని ఒక స్తోత్రం మొత్తం అప్పజెప్పింది. ఒక్క ఒత్తు కూడా జారలేదు. కళ్ళు తెరిచాక బొటనవేలు పెదవి దగ్గర పెట్టి మంచినీళ్ళు కావాలని సైగ చేసింది. దేవుడు లేడని ఊరూరా సభల్లో వాదించిన మనిషిని నేను. ఆ పిల్ల మీద కాదు గానీ, నేర్పినవాళ్ళ మీద ఒళ్ళు మండింది. కనిపించని వాడికి చెప్పుకోవడానికి అంత తెలుగు నూరిపోసి, ఎదురుగా ఉన్న మనిషిని నీళ్ళడగడానికి ఒక్క ముక్క నేర్పలేదు.

ఇంట్లో తెలుగు తప్ప ఇంకేమీ మాట్లాడకూడదని నియమం పెట్టాను. మర్నాడు పొద్దున్నే మా ఆయన దాన్ని తుంగలో తొక్కారు.

"టేక్ టిఫిన్ అమ్మా. పెసరట్టు. వెరీ హాట్."

"తెలుగులో చెప్పండి," అన్నాను.

"కొత్త పిల్ల కదే, ఇబ్బంది పడుద్దని."

"మీ ఇంగ్లీషుకే ఇబ్బంది పడుతోంది. పెసరట్టు వేడిగా ఉందని చెప్పడానికి మీకు ఇబ్బందేంటి?"

ఆయన చెప్పారు. కానీ చంటిపిల్లకు మాటలు నేర్పుతున్నట్టు మెల్లగా, ఒక్కో అక్షరం విడదీసి. ఆ అమ్మాయి బిక్కమొహం వేసింది.

ఇల్లు నయం. వీధిలో అడుగు పెడితే మరీ అన్యాయం. ఆటో అబ్బాయి "మేడమ్, వేర్ గో?" అంటాడు. కిరాణా కొట్టాయన ఉల్లిపాయల ధర ఇంగ్లీషులో చెప్పడానికి అవస్థ పడి, చివరికి కాగితం మీద రాసిస్తాడు. పక్కింటావిడ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది.

"మా పాపతో ఓ అరగంట ఇంగ్లీషులో మాట్లాడమనండి టీచరుగారూ. ఊరికే వద్దులెండి, కొబ్బరి బొండాలు పంపుతాను."

"ఆవిడ తెలుగు నేర్చుకోవడానికొచ్చింది. మీ పాపనే తెలుగులో మాట్లాడమనండి."

"అయ్యో, మా పాపకి తెలుగెందుకండీ," అందావిడ నిజంగా ఆశ్చర్యపోయి. తర్వాత బొండాలు మాత్రం వచ్చాయి.

ఎవరిదీ చెడ్డ బుద్ధి కాదు. విదేశం నుంచి వచ్చిన మనిషితో మన భాష మాట్లాడటం అమర్యాదని వీళ్ళ నమ్మకం. పెద్దవాళ్ళొస్తే మంచి కుర్చీ తుడిచి వేసినట్టు, ఈమె వస్తే ఉన్న నాలుగు ఇంగ్లీషు ముక్కలూ దులిపి వేసేవారు. మర్యాదకు మా ప్రాంతం పెట్టింది పేరు. ఆ మర్యాద ఒక మనిషి నోరు నొక్కగలదని నాకు అప్పుడే తెలిసింది.

బడి సంగతి ఇంకో నెలకు గాని బయటపడలేదు. "ఈరోజు ఏం చెప్పావు?" అని అడిగితే "పాఠం" అనేది. ఏ పాఠమో ఒకరోజు గట్టిగా అడిగాను. తలవంచుకుని, "స్పోకెన్ ఇంగ్లీష్, అత్తయ్యగారూ" అంది. చేరిన దగ్గర్నుంచీ అదే చెప్పిస్తున్నారు. పైగా ఈ మేడంగారితో తెలుగు మాట్లాడిన పిల్లల పేర్లు లీడరు బోర్డు మీద రాయాలని హెడ్మాస్టరుగారి ఉత్తర్వు.

మర్నాడు బడికి వెళ్ళాను.

"ఆయ్, రండి టీచరుగారూ, కూర్చోండి. కాఫీ తెప్పిస్తాను," అన్నారు హెడ్మాస్టరుగారు.

"కాఫీ వద్దండి. ఆ అమ్మాయికి తెలుగు క్లాసు ఎప్పుడిస్తారో చెప్పండి."

"ఇస్తామండీ, ఇవ్వకుండా ఎక్కడికి పోతాం. ఇంగ్లీషుకి మనిషి లేరు కదండీ. ఈలోగా దేవుడు పంపినట్టు వచ్చేరావిడ."

"దేవుడు పంపలేదు. శిక్షణ సంస్థ పంపింది. తెలుగు చెప్పడానికి పంపింది."

ఆయన నవ్వారు. "మీతో వాదించలేనండి. కానీ తెలుగు మన పిల్లలకి వచ్చిందే కదండీ. వీళ్ళకి ఈవిడ చెప్పేదేంటండీ? పైగా మీరే పత్రికలో రాసేరు. మాతృభాష మహిమ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళ పిల్లలు ఎక్కడ చదువుతున్నారో చూడండి, పేదోడి పిల్లల దగ్గరికొచ్చేసరికే మీకు భాష గుర్తొస్తుందా అని. ఎంత బాగా రాసేరండీ. నలుగురికీ చదివి వినిపించేను కూడాను."

రాశాను. ఇప్పుడైనా అదే రాస్తాను. ఈ బడిలో చదివేది చేపల చెరువుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు, కువైట్‌కీ మస్కట్‌కీ ఇంటిపనికి వెళ్ళినవాళ్ళ పిల్లలు. తమ చేత సంతకం పెట్టించుకునే కాగితంలో ఏముందో చదువుకోలేక మోసపోయిన తల్లిదండ్రులు వాళ్ళకున్నారు. వాళ్ళకు ఇంగ్లీషు కావాలి, అది వాళ్ళ హక్కు. కానీ పిల్లవాడికి రెండో చెయ్యి ఇవ్వమన్న మనిషిని పట్టుకుని, మొదటి చెయ్యి నరకమందంటే ఎలా? పేర్లు బోర్డు మీద రాయమని నేనెక్కడ రాశాను? ఇదంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అంతా విని, "ఆయ్, నిజమేనండీ" అన్నారు. తెలుగు క్లాసు మాత్రం ఇవ్వలేదు. పరిశీలకుడు వచ్చే రోజు వరకూ ఇవ్వలేదు.

ఆ రోజు ఆరో తరగతిలో వెనక బెంచీ మీద పరిశీలకుడి పక్కన నన్నూ కూర్చోనిచ్చారు. ఆయన నెమ్మదైన మనిషి, నాకంటే చిన్నవాడు. హెడ్మాస్టరుగారు గుమ్మంలో నిలబడ్డారు. పాఠం ప్రయాణం గురించి. ఆ అమ్మాయి రాత్రంతా కూడబలుక్కున్న వాక్యం స్పష్టంగానే అంది.

"మీరు బడికి ఎలా వస్తారు?"

 ఒక కుర్రాడు లేచి, "ఐ యామ్ కమింగ్ బై సైకిల్, మేడమ్" అన్నాడు. ఇంకో పిల్ల, "ఐ యామ్ కమింగ్ బై వాక్, మేడమ్." పెద్దాయన ముందు మేడంగారి పరువు నిలబెట్టాలని పిల్లల తాపత్రయం. నేర్పిన ఇంగ్లీషంతా ఒలకబోస్తున్నారు. ఆమె ఎంత తెలుగులో అడిగితే వాళ్ళు అంత ఇంగ్లీషులో చెబుతున్నారు. పరిశీలకుడు ఏదో రాసుకుంటున్నాడు.

ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

"వినండి. ఇవాళ మీరు ఇంగ్లీషు మాట్లాడితే నేను ఫెయిలు."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు బెంచీలో రెండు జడల పిల్ల లేచి, గుమ్మం వైపు ఓరగా చూస్తూ, "తెలుగు మాట్లాడితే పేరు రాస్తారండీ" అంది.

"మాట్లాడండ్రా, మాట్లాడండి. ఇవ్వాళ్టికి పర్లేదు," అన్నారు హెడ్మాస్టరుగారు గుమ్మంలోంచి.

ఆమె బోర్డు మీద వాళ్ళ ఊరి దారి గీసింది. అటూ ఇటూ చెరకు, చివర్న బడి. రెండు జడల పిల్లను పిలిచి మీ దారి గీయమంది. ఆ పిల్ల ఒక పొడుగాటి గీత గీసింది.

"ఇది నది," అంది మేడంగారు.

"నదేంటండీ, కాలవండి."

"ఇది? చిన్న కాలవా?"

"బోదండి. చేలోకి నీళ్ళెళ్ళేది."

"నువ్వు కాలవ పక్కన రోడ్డు మీద నడుస్తావు."

"రోడ్డు కాదండీ, గట్టు. రోడ్డయితే జారదు కదండీ."

క్లాసు నవ్వింది. "నువ్వు జారావా?" అని అడిగింది మేడంగారు.

"నేనెందుకు జారతానండీ. ఈడు జారేడు, పుస్తకాల్తో సహా."

"అబద్ధమండీ, అదే తోసింది," అన్నాడు సైకిలు కుర్రాడు లేచి.

"ఎందుకు తోశావు?" అందామె.

అది ఏ పుస్తకంలోంచీ తెచ్చుకున్న వాక్యం కాదు. తెలుసుకోవాలనిపించి అడిగిన మాట. ఇక క్లాసు ఆగలేదు. తోయడానికి వెనక ఉన్న పెన్ను గొడవ, పెన్ను వెనక ఉన్న జామకాయ గొడవ బయటికొచ్చాయి. ఆమె తప్పులు మాట్లాడుతూనే ఉంది, వాళ్ళు దిద్దుతూనే ఉన్నారు, దిద్దినప్పుడల్లా ఆమె ఆ మాట బోర్డు మీద రాస్తూనే ఉంది. నా ఉద్యోగ జీవితంలో అంత మంచి క్లాసు నేను చూడలేదు.

స్టాఫ్ రూములో పరిశీలకుడు మెత్తగా అన్నాడు: "మేడంగారు కష్టపడ్డారండి, కాదనను. కానీ పిల్లలే ఆవిడకి పాఠం చెప్పేరు కదండీ. పాసని ఎలా రాయమంటారు?"

"తప్పును తప్పని ఆరో తరగతి పిల్ల చెప్పగలిగింది. టీచరు ఒప్పుకోగలిగింది. మీరు చూసిన ఇన్ని క్లాసుల్లో ఇది ఎన్నిసార్లు జరిగిందండీ?" అన్నాను.

"జరగలేదండి. జరక్కూడదనే కదండీ మనం శిక్షణ ఇచ్చేది. టీచరు మీద గౌరవం ఉండాలి కదండీ."

మర్యాదగా ఒప్పుకుంటూనే కాదనేవాళ్ళతో నేను గెలవలేను. అయితే ఆయన మంచివాడు. వచ్చే గురువారం ఇంకో అవకాశం ఇస్తానన్నాడు.

ఈసారి హెడ్మాస్టరుగారు రంగంలోకి దిగారు. ఆయనకూ ఆమె ఫెయిలు కాకూడదనే ఉంది. ప్రశ్నలు ఆయనే రాసిచ్చారు, జవాబులు పిల్లలకు పంచారు. గురువారం పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆయన రాసిచ్చిన ప్రశ్న ఆమె అడిగింది. "ప్రయాణము వలన లోకజ్ఞానము కలుగును" అని క్లాసంతా ఒకే గొంతుతో అంది. ఇంకో ప్రశ్న, మళ్ళీ అదే గొంతు. గట్టు మీద ఎవరూ జారలేదు. ఎవరూ నవ్వలేదు. పరిశీలకుడి మొహం వెలిగిపోయింది. చాలా మెరుగుపడ్డారని మెచ్చుకుని, పాసని రాసి, చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక ఆమె వంటింట్లో గట్టు మీద కూర్చుంది. "తీసుకోకూడదా అత్తయ్యగారూ, సర్టిఫికెట్?" అంది.

"తీసుకో. ఉద్యోగం నీది. కోపం నాది," అన్నాను.

"నాకూ కోపమేనండీ," అంది. అండీ సరిగ్గా పడింది.

శనివారం బడి నుంచి ఆమె మామూలు కంటే తొందరగా వచ్చింది. రెండు జడల పిల్లను చివరి బెంచీకి మార్చారట. పెద్దాయన ముందు మేడంగారికి తప్పులు దిద్దినందుకు హెడ్మాస్టరుగారు వాళ్ళమ్మకు ఫోన్ చేసి చెప్పారట. పిల్ల తలెత్తడం లేదట. ఇద్దరం కలిసి వాళ్ళింటికి వెళ్ళాం.

కాలవ గట్టునే రెండు గదుల డాబా. తండ్రి మస్కట్‌లో. తల్లి మమ్మల్ని చూడగానే కంగారుపడి రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసింది. మేం కూర్చోకముందే మొదలుపెట్టింది.

"మీరొస్తారనుకున్నానండి. తప్పయిపోయిందండి. నాలుగు తగిలించేను. ఇంకెప్పుడూ మేడంగారికి తప్పులు దిద్దదండీ."

మేడంగారు నా వైపు చూడలేదు. సాయం అడగలేదు. నిదానంగా, ఒక్క పొరపాటు లేకుండా అంది: "దిద్దాలండీ. మీ అమ్మాయి నా తప్పులు దిద్దాలి. నేను దానివల్లే నేర్చుకున్నాను."

తల్లి కాసేపు అయోమయంగా చూసి, నా వైపు వంగి, జాలిగా గొంతు తగ్గించింది.

"పాపం, తెలుగు సరిగ్గా రాదు కదండీ. దిద్దకూడదు అనబోయి అలా అన్నారు."

పిల్ల తలుపు పక్కన నిలబడి ఉంది. ఆ వాక్యంలో తప్పేమీ లేదని అక్కడ నాకంటే బాగా తెలిసింది ఆ పిల్లకే. నోరు తెరిచింది. తల్లి వైపు చూసి మూసేసుకుంది.

"సరిగ్గానే అంది," అన్నాను నేను. "అన్న మాటే అంది."

"ఆయ్," అందావిడ. నమ్మలేదు.